తర్వాతి వేషం

బంగారుపాళ్యం,
సెప్టెంబరు, 1981.

గోదాకు,

చిత్తూరు ఆడపిల్లల బడిలో నీ పక్కన కూర్చుని, నీ ఇంగ్లీషు చూసి రాసి పాసైన శకుంతలను. నువ్వు తిరుపతిలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నావని విని మురిసిపోవడమే తప్ప ఇన్నేళ్ళూ ఒక కార్డు ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక ఇంగ్లీషు మాటకు అర్థం అడగడానికే. కోపగించుకోవద్దు.

మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఏటా ఎండాకాలంలో వేషాలు కట్టి భారతం ఆడతారని నీకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ అందులో మా ఆయనదే అర్జునుడి వేషం. తపస్సు రోజున తాటిమానంత ఎత్తున్న మానును మెట్టుకొక పద్యం పాడుకుంటూ ఎక్కేవాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి చీరలతో కింద పడుకునేవాళ్ళు. పైనుంచి ఆయన విసిరిన నిమ్మపండు ఒడిలో పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ కొన మీద గాలికి ఊగుతూ ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులూ ఎత్తితే, ఆయనతో కాపురం చేస్తున్న నాకే ఒళ్ళు జలదరించేది. ఊళ్ళో ఆయనను అర్జునయ్య అనే పిలుస్తారు. సంతకు పోతే పూలమ్మే మనిషి 'అర్జునయ్య భార్య' అని నా కొప్పులో తనే పూలు తురిమేది.

ఈ ఏడు మామిడికాయల కాలంలో, రోడ్డు పక్కన గంపలు దించుతుంటే లారీ ఒకటి వెనక్కొచ్చింది. ఆయన ఎడమకాలు నలిగిపోయింది. వేలూరు ఆసుపత్రిలో తొడ సగం దాకా తీసేశారు.

ఇంటికి పంపించే రోజు ఆయన, పక్క మంచం రోగికి తోడున్న ఒకాయనచేత డాక్టరమ్మను ఒకే మాట అడిగించాడు. "కట్టెకాలు పెట్టుకుంటే మాను ఎక్కొచ్చునా?" ఆమె ఇంగ్లీషు దేశపు మనిషి. మంచం మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, నిదానంగా ఏదో చెప్పింది. అందులో 'మూవ్ ఆన్' అనే మాట రెండుసార్లు వచ్చింది. దాని అర్థం అడిగితే ఆ పక్కాయన, "ఇంక ఈడనించి కదిలిపో అంటా ఉండాది" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఆయన మనిషిలో మనిషి కాదు. వాకిలి వైపు వీపు పెట్టి పడుకుంటాడు. అన్నం తినమంటే, "అందరూ పొమ్మనేవాళ్ళే" అంటాడు.

నాకొకటే అనుమానం గోదా. పొమ్మనే మనిషి చెయ్యెందుకు పట్టుకుంటుంది? ఆ మాటకు వేరే అర్థం ఏమైనా ఉందేమో చూసి రాయి.

నీ
శకుంతల


తిరుపతి,
అక్టోబరు, 1981.

శకుంతలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన తపస్సు నేను ఒక్కసారే చూశాను, మీ పెళ్ళయిన ఏడు. ఆ చిత్రం నా కళ్ళలో ఇంకా ఉంది.

నీ అనుమానం నిజమే. ఆమె పొమ్మనలేదు. కానీ ఆ పక్కాయనదీ పూర్తిగా తప్పు కాదు. ఇంగ్లీషులో ఇలాంటి జంట మాటలతోనే చిక్కు. మూవ్ అంటే కదలడం, ఆన్ అంటే మీద. రెండూ కలిస్తే అర్థం ఇంకెక్కడో తేలుతుంది. రోడ్డు మీద గుంపు కట్టిన జనాన్ని పోలీసు అదే మాటతో తరుముతాడు. ఒక పాఠం అయిపోయి తర్వాతది మొదలుపెట్టేటప్పుడు నేనూ అదే అంటాను. ఒక ఉద్యోగం మాని ఇంకోదానిలో చేరినవాణ్ణీ, భార్య పోయిన దుఃఖంలోంచి తేరుకున్నవాణ్ణీ వాళ్ళు అదే మాటతో చెబుతారు. జరిగిందేదో జరిగింది, దాని దగ్గరే నిలబడిపోకుండా తర్వాతదానికి నడువు అని దాని భావం.

ఇంతవరకూ నాకు తెలిసిందే. అయినా మనసొప్పక, మా కాలేజీలో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను అడిగాను. యుద్ధంలో ఆమె భర్త పోయాడట. ఇరుగుపొరుగు వాళ్ళంతా కొన్నేళ్ళపాటు తనతో ఆ మాటే అంటుంటే చెవులు మూసుకోవాలనిపించేదని చెప్పింది. తర్వాత ఒక సంగతి చెప్పింది, అది నీకు రాయాలనే ఈ ఉత్తరం. 'మూవ్ ఆన్' అని ఊరుకుంటే, దేన్ని వదలాలో మాత్రమే వినబడుతుందట. దాని వెనకాల 'టు' అనే చిన్న మాట చేరిస్తే, దేనికి అనే ప్రశ్న పుడుతుందట. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన రోజున, చదువు చెప్పడానికి ఈ దేశానికి ఓడెక్కిందట.

మీ ఆయనకు ఇది వినిపించు. నిమ్మళంగా ఉన్న సమయం చూసి వినిపించు.

నీ
గోదాదేవి


బంగారుపాళ్యం,
డిసెంబరు, 1981.

గోదా,

ఆలస్యమైనందుకు తిట్టుకుంటూ ఉంటావు. నీ ఉత్తరం వచ్చిన రోజే చదివి వినిపించాను. గోడ వైపు తిరిగి విన్నాడు. అయిపోయాక, ఆ ఇంగ్లండావిడ చెప్పింది ఇంకొకసారి చదవమన్నాడు. చదివాను. "దేనికి అని అడగల్ల అంటావుండాదా ఆయమ్మ?" అన్నాడు. అవునన్నాను.

మర్నాడు పొద్దున లేచి, చంక కర్రలు తెమ్మని అడిగాడు. వాటిని వేలూరు నుంచి తెచ్చినప్పుడు చూసి మొహం తిప్పుకున్న మనిషి. వాటిమీద తోట దాకా పోయొచ్చాడు. నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

కార్తీకంలో భారతం పెద్ద దామోదరన్న ఇంటికి వచ్చాడు. వేషాలు పంచేది ఆయనే. వచ్చినవాడు కూర్చోలేక, నిలబడలేక నలిగిపోయాడు. ఈసారి మానెక్కేది మునస్వామి అనే కుర్రాడని చెప్పడానికే ఆ అవస్థ. మా ఆయన ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన మాత్రం మునస్వామిని పిలిపించమన్నాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు రోజూ మధ్యాహ్నం మా వాకిట్లో పద్యాలు నేర్చుకుంటున్నాడు. గాలి ఎటు వీస్తే కాలు ఎటు మోపాలో కూడా మా ఆయన కూర్చున్నచోటి నుంచే నేర్పిస్తున్నాడు. తన భుజకీర్తులు, విల్లు తీసి ఇచ్చేశాడు.

ఇంకొక సంగతి కూడా జరిగింది. అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం చదివి వినిపించకుండా ఉండాల్సిందని ఒక్కోసారి అనిపిస్తుంది. తప్పుగా అనుకోకు.

శకుంతల


తిరుపతి,
జనవరి, 1982.

శకుంతలా,

తన వేషం తన చేతులతోనే ఇంకొకరికి నేర్పిస్తున్నాడని చదివి నాన్నగారికి చెప్పాను. నీకు గుర్తుండే ఉంటుంది, మా నాన్నగారు శఠగోపంగారు, గుడిలో ఆళ్వార్ల పాశురాలు కలిసి చదివే గోష్ఠిలో ముందు వరుసలో ఉండేవారు. నేను చెప్పింది విని కళ్ళు మూసుకుని, "ఎంత మనిషమ్మా ఆయన" అన్నారు.

ఆ ఇంకొక సంగతేదో నువ్వు రాయలేదు. నా ఉత్తరం వల్ల మీ ఇంట్లో చిచ్చు రేగితే అది తెలుసుకునే హక్కు నాకుంది కదా. మంచిదో చెడ్డదో, రాసేయి.

గోదాదేవి


బంగారుపాళ్యం,
ఫిబ్రవరి, 1982.

గోదా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన ఈసారి దుర్యోధనుడి వేషం కడతాడట.

దామోదరన్న వచ్చిన రోజే అడిగేశాడు. ఎప్పుడూ ఆ వేషం కట్టే జయరావు బెంగుళూరులో కొడుకు దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయాడు. చోటు ఖాళీగా ఉంది. దామోదరన్న కూడా బిత్తరపోయాడు. "మునిరామయ్యా, నీ కాళ్ళకు మొక్కిన జనం నిన్ను ఆ వేషంలో సూసి తట్టుకుంటారా?" అన్నాడు. దానికి మా ఆయన ఇలా అన్నాడు. మాట మాట గుర్తుంది నాకు.

"అర్జునుడికి రెండు కాళ్ళు కావల్ల. ఆయప్ప నన్ను ఇడిసిపెట్టి మునస్వామి దగ్గరికి పోయినాడు, మంచిదే. దుర్యోధనుడికి కావల్సింది ఇరిగిన తొడ. అది నా దగ్గరుండాది."

దామోదరన్న తలూపాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నువ్వయినా నా పక్షాన ఆలోచించు. ఆడవాళ్ళు పసిబిడ్డలను తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడుకోబెట్టేవాళ్ళు. నాకు పిల్లలు లేకపోయినా, ఊళ్ళో బిడ్డలంతా ఆయన నిమ్మపండు వరమేనని తృప్తిగా ఉండేదాన్ని. అలాంటి మనిషి నిండు సభలో ద్రౌపదమ్మను చెరబట్టించినవాడి వేషం కట్టి, తెగిన తొడను పదిమందికీ చూపించుకుంటాడా? చివరి రోజున దుర్యోధనుడు పడిపోతే జనం మట్టి ఎత్తి పోస్తారు, తిడతారు. నా మొగుణ్ణి తిడుతుంటే నేను ఎట్లా వినేది?

అదే అన్నాను. నువ్వు ఆ వేషం కడితే నేను ఆ మైదానంలో కాలు పెట్టనన్నాను. ఆయన నా మొహం వైపు చూసి, "నువ్వు ఆడనే నిలిచిపోయినావు శకుంతలా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పొమ్మన్నారని మంచం పట్టిన మనిషిని లేపడానికి నీకు రాశాను. ఆయన లేచి నడిచిపోయాడు. ఇప్పుడు వెనక మిగిలింది నేను.

శకుంతల


తిరుపతి,
ఏప్రిల్, 1982.

శకుంతలా,

నీతో వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అర్థం చెప్పడం సులువు, దాంతో కాపురం చెయ్యాల్సింది నువ్వు. ఆ మాట నిన్నెక్కడ నిలబెడుతుందో నేను ఆలోచించలేదు.

మా ఇంటి సంగతి ఒకటి నీకు రాయకుండా దాచాను. గొంతు పోయిందని నాన్నగారు గోష్ఠి మానేశారు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. గుడి గంట వినబడితే కిటికీ మూయమంటారు. మీ ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించాను. దుర్యోధనుడి పేరు వినగానే చీదరించుకుంటారనుకున్నాను. ఆయన లేచి కూర్చున్నారు. "ధర్మరాజు స్వర్గానికి వెళ్ళగానే మొట్టమొదట కనబడింది ఎవరో తెలుసునా? దుర్యోధనుడే. సింహాసనం మీద సూర్యుడిలాగా వెలుగుతూ కూర్చుని ఉన్నాడు. ఎవరో కల్పించింది కాదు, భారతంలో ఉన్నదే. నీ స్నేహితురాలికి రాయి" అన్నారు. కాసేపయ్యాక, "బంగారుపాళ్యానికి బస్సు ఎక్కడ మారాలి?" అని అడిగారు.

నాకు నమ్మశక్యం కాలేదు. చివరి రోజుకు ఆయనను తీసుకుని వస్తున్నాను. నువ్వు రావడం, రాకపోవడం నీ ఇష్టం. నేను అడగను.

గోదాదేవి


బంగారుపాళ్యం,
మే, 1982.

గోదా,

నాన్నగారిని తప్పకుండా తీసుకురా. మండపానికి ఎడమ పక్క గట్టు మీద నీడ ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టు. దామోదరన్నకు చెప్పాను, మజ్జిగ పంపిస్తాడు.

నేను మాత్రం ఉండను. కార్వేటినగరంలో అమ్మ దగ్గరికి పోతున్నాను, ఉత్సవాలు అయిపోయాకే వస్తాను. ఇంటికి తాళం వేసి ఉంటుంది, వెతుక్కోవద్దు.

తోటలో ఆయన పద్యాలు పాడుకుంటుంటే రోజూ వినబడుతున్నాయి. అర్జునుడి గొంతు పైనుంచి జారేది. ఇది నేలలోంచి వస్తున్నట్టుంది. వినకూడదని రుబ్బురోలు దగ్గర కూర్చుంటాను. పొత్రం తిప్పడం మరిచిపోతాను.

శకుంతల


తిరుపతి,
జూన్, 1982.

శకుంతలా,

నువ్వు కార్వేటినగరం నుంచి ఎప్పుడు వస్తావో తెలియక నీ ఇంటి చిరునామాకే రాస్తున్నాను. చివరి రోజు ఆట అయిన సాయంత్రమే బస్సెక్కేశాం. ఈ మధ్య మూడుసార్లు రాయబోయి చించేశాను. చూసింది చూసినట్టు రాస్తాను, నువ్వు కోపగించుకున్నా సరే.

పొద్దున ఎండ పడకముందే చేరాం. మైదానం మధ్యలో మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ ఛాతీ మీద మనుషులు నడవవచ్చు. కోర మీసాలు, తెరిచిన కళ్ళు. ఆ తల వెనక నుంచి మీ ఆయన వచ్చాడు. కిరీటం, మెరిసే అంగీ, నేల దాకా జీరాడే కుచ్చిళ్ళు. చంక కర్రలు లేవు. పొడుగాటి గదను ఎడమ చంక కింద పెట్టుకుని, దాని మీద ఆనుకుని నడిచాడు. చూసేవాళ్ళకు అది రాజు నడకలాగే ఉంది. జనంలో గుసగుస లేచింది. "అర్జునయ్యే, అర్జునయ్యే." నా పక్కన గురవమ్మ అనే ముసలావిడ కూర్చుంది. ఆయన నిమ్మపండు ఒడిలో పడ్డాకే కొడుకు పుట్టాడట. "ఈ మారాజుకు ఈ వేషం ఏమి ఖర్మమ్మా" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

భీముడు వచ్చాడు. ఇద్దరూ మట్టి విగ్రహం చుట్టూ తిరుగుతూ పద్యానికి పద్యం పాడారు. నువ్వు రాసింది నిజం, ఆ గొంతు నేలలోంచి వచ్చింది. అహంకారమంతా ఉంది, కానీ అందులో ఒక అలసట కూడా ఉంది. ఇంక ఓడిపోవడమొక్కటే మిగిలిందని తెలిసినవాడి అలసట. చివరికి భీముడు గద పైకెత్తాడు. దాన్ని కాసుకోవాలంటే ఈయన తన గద ఎత్తాలి. ఎత్తితే ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అది మాకందరికీ ఒకేసారి అర్థమైంది. హార్మోనియం ఆగిపోయింది.

ఎత్తాడు శకుంతలా. రెండు చేతులతో గద తల పైకెత్తి, ఒంటికాలి మీద, ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డాడు. ఎంతసేపని చెప్పను. భీముడే దెబ్బ వెయ్యడం మరిచి చూస్తూ ఉండిపోయాడు. ఆకాశంలో మాను కొన మీద నిలబడటం నేర్చిన ఆ కాలు, నేల మీద మొదటిసారి నిలబడినట్టుంది. అర్జునుణ్ణి వదిలేసి వచ్చాడని మనమనుకున్నాం. వదల్లేదు. ఆ తపస్సునంతా తెచ్చి దుర్యోధనుడికి ఇచ్చాడు. ఒకదాన్ని విడిచి ఇంకోదానికి పోవడమని నీకు అర్థం రాసిన నేను, ఆ క్షణాన ఏమీ తెలియని దాన్నైపోయాను.

భీముడి గద మట్టి తొడ మీద పడింది. లోపల దాచిన ఎర్రనీళ్ళ కుండ పగిలింది. అదే క్షణంలో ఈయన విగ్రహం పక్కన కూలిపోయాడు. కుచ్చిళ్ళు ఒక వైపు చప్పబడిపోయి, అక్కడ కాలు లేదని అందరూ చూశారు. మట్టి ఎత్తి పోస్తారని రాశావు. ఒక్క చెయ్యి లేవలేదు. గురవమ్మ లేచి నిలబడి దండం పెట్టింది. ఆమెను చూసి ఆ వరుసంతా లేచింది. నాన్నగారు కూడా నా భుజం పట్టుకుని లేచారు.

ద్రౌపది వచ్చి ఆ ఎర్రనీళ్ళు తలకు రాసుకుని జుట్టు ముడి వేసుకుంది. తర్వాత ఈయన పడుకున్నచోటి నుంచే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. తమ్ముళ్ళను, కర్ణుణ్ణి, తల్లిని. ఎవరూ రాలేదు. ఆఖరున 'భానుమతీ' అన్నాడు. అప్పుడు జనంలోంచి ముసుగు వేసుకున్న ఒక మనిషి నడిచి వచ్చి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ మనిషి నడకలో తొందర లేదు, వేషం కట్టినట్టే లేదు. అన్ని వేషాలూ మగవాళ్ళే కడతారు కదా, నిజంగా ఆడదేనేమో అనిపించింది. మిగిలిన పద్యం ఆ ఒళ్ళోనే పాడి కళ్ళు మూశాడు.

ఆ భానుమతి వేషం కట్టినవారి పేరు కనుక్కోమని నాన్నగారు రోజూ అడుగుతున్నారు. కనుక్కొని రాయి. ఇంకొక మాట. నిన్న ఆయన గుడికి వెళ్ళారు. గోష్ఠిలో వెనక వరుసలో కూర్చుని, కొత్తగా చేరినవాళ్ళకు పాఠం సరిచేసి వచ్చారు.

నీ
గోదాదేవి


బంగారుపాళ్యం,
జూన్, 1982.

గోదా,

మా ఊరి ఆటలో ఆ చోట భానుమతి రాదు. ఎప్పుడూ రాలేదు. దుర్యోధనుడు పిలుస్తాడు, ఎవరూ పలకరు, పోతాడు. ఆట అంతే.

నేను కార్వేటినగరం పోలేదు. పోదామనే మూట కట్టుకున్నాను. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు పిలిచాడు, నా కాళ్ళు కదల్లేదు. ఇంటికి తాళం వేసి, పాత చీర కొంగు మొహానికి లాగి కప్పుకుని, జనం వెనక నిలబడ్డాను. తిడితే విని, చీకటి పడకముందే వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన గద ఎత్తాడు. అన్నేళ్ళు మాను కింద నుంచి తల ఎత్తి చూసినప్పుడు కూడా నాకు అంత భయం, అంత భక్తి కలగలేదు.

ఆయన పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అంతమందిని పిలిచినా ఒక్కరూ పలక్కపోతే, ఆ మనిషి ఒంటరితనం నా మీద బండరాయిలా పడింది. భానుమతీ అనగానే నా ఒళ్ళు నా మాట వినలేదు. ఎట్లా నడిచానో తెలియదు. తల ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తెరవకుండానే, జనానికి వినబడనంత మెల్లగా, "ఎవురు?" అన్నాడు.

"భానుమతిని" అన్నాను.

కళ్ళు తెరిచాడు. రంగులో నుంచి నన్ను చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నన్ను అట్లా చూడటం అదే మొదలు. తర్వాత మిగిలిన పద్యం పాడాడు. నీకు వినబడిన ఆ పద్యమే. చివరి పాదం దగ్గర ఆయన గొంతు వణికింది నాకు తెలుసు, నీకు తెలిసి ఉండదు.

దామోదరన్న మర్నాడు వచ్చాడు. తిడతాడేమోనని లోపలికి పోయాను. ఆయన వాకిట్లోనే నిలబడి, "ఆ చోట భానుమతి లేకుంటే ఇంక ఆట నిలవదమ్మా, వచ్చే ఏటికి ఆ వేషం ఎవురు కట్టేది?" అన్నాడు. ఆడవాళ్ళు వేషం కట్టడం ఈ సీమలో లేదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నాకు పద్యం రాదని చెప్పాను. లోపల నుంచి మా ఆయన, "నేను నేర్పిస్తా" అన్నాడు.

ఊరి పెద్దవాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఇంకా తేలలేదు. ఇప్పటికీ పాఠానికి వస్తున్న మునస్వామి మధ్యాహ్నం పోయాక ఆయన ఎదురుగా నేను కూర్చుంటున్నాను. మొదటి పద్యంలో రెండో పాదం దగ్గర నా ఊపిరి చాలడం లేదు. నాన్నగారిని అడిగి రాయి గోదా, పాశురం చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో.

నీ
శకుంతల